బూటు లోపలి వాన: ఏ పనికి ఏ సాక్సు?

జులై నెలలో సాయంత్రం బడి నుంచి వచ్చిన పిల్లవాడి బూట్లు విప్పి చూడండి. పొద్దున మడత విప్పి తొడిగిన తెల్ల సాక్సు అరికాలికి అంటుకుపోయి ఉంటుంది. దాన్ని లాగితే పాదం నాని, ముడతలు పడి, వేళ్ల సందుల్లో పాలిపోయి కనిపిస్తుంది. ఆ రోజు చినుకు కూడా పడి ఉండకపోవచ్చు. అయినా ఆ పాదం ఎనిమిది గంటలు తన చెమటలో తానే నానింది.

దీనికి మన ఇళ్లలో ఒకటే మాట వినిపిస్తుంది: ‘నైలాన్‌వి కొన్నట్టున్నావు, కాటన్‌వి తేవాల్సింది.’ కొండలెక్కేవాళ్లను అడిగితే ఉన్ని అంటారు. పరుగెత్తేవాళ్లను అడిగితే కాటన్ పేరెత్తవద్దంటారు. దుకాణంలో అబ్బాయి వెదురు సాక్సు చూపిస్తాడు. ఎవరి అనుభవం వాళ్లది, ఎవరి మాటా పూర్తిగా తప్పు కాదు. కానీ వాళ్లు మాట్లాడుతున్నవి వేర్వేరు పాదాల గురించి, వేర్వేరు పనుల గురించి. ఏ పోగు ఏం చేస్తుందో, పరిశోధనల్లో ఏం తేలిందో, ఏ పనికి ఏది నప్పుతుందో ఒక్కచోట పెట్టి చూడటం ఈ వ్యాసం పని.

ముందు పాదం సంగతి

మనిషి రెండు పాదాల్లో కలిపి సుమారు రెండున్నర లక్షల చెమట గ్రంథులుంటాయి. ఒంట్లో ఇవి బాగా దట్టంగా ఉండే చోట్లలో అరికాలు ఒకటి. ఒంటి మీద చెమటకు గాలి తగులుతుంది, ఆరిపోతుంది. బూటులో చెమటకు ఆ దారి లేదు.

చెమటకు స్వతహాగా పెద్ద వాసన ఉండదు. చర్మం మీద బతికే స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ లాంటి సూక్ష్మజీవులు చెమటలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని విరగ్గొట్టి ఐసోవలెరిక్ ఆమ్లంగా మారుస్తాయి. బూట్లు విప్పగానే గుప్పుమనే వాసనలో పెద్ద వాటా దానిదే. అదే తడిలో, అదే వెచ్చదనంలో బూజు జాతి సూక్ష్మజీవులు కూడా వేళ్ల మధ్య కాపురం పెడతాయి. దురద, పొలుసులు రాలడం, చర్మం చిట్లడం అలా మొదలవుతాయి.

ఇక బొబ్బలు. పొడి చర్మం మీద బట్ట జారుతుంది. చెమ్మగిల్లిన చర్మాన్ని బట్ట పట్టుకుంటుంది. అడుగు పడిన ప్రతిసారీ లోపల ఎముక ఒకవైపు కదులుతుంటే పైన చర్మం సాక్సుకు అతుక్కుని కదలనంటుంది. ఈ లాగుడు వేలసార్లు జరిగేసరికి చర్మం పొరలు విడిపోయి మధ్యలోకి నీరు ఊరుతుంది. వాసన, బూజు, బొబ్బ మూడింటికీ మూలం తడే. కాబట్టి సాక్సు బట్ట గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: పాదం మీద పుట్టిన తడిని ఈ బట్ట ఎక్కడికి పంపుతుంది?

పోగుల గుణం

గాలిలోని తేమను ఏ పోగు ఎంత పీల్చుకుంటుందో జౌళి శాస్త్రంలో కొలిచి పెట్టారు. 20 డిగ్రీల వేడి, 65 శాతం తేమ ఉన్న గాలిలో ఉంచితే 100 గ్రాముల ఎండు నూలు సుమారు 8 గ్రాముల నీటిని పట్టుకుంటుంది. ఉన్ని 16 గ్రాముల దాకా, చెక్క గుజ్జు నుంచి తీసే విస్కోస్ 11 నుంచి 13 గ్రాములు పట్టుకుంటాయి. నైలాన్ సుమారు 4 గ్రాములు, యాక్రిలిక్ ఒకటి రెండు గ్రాములు. పాలియెస్టర్ అర గ్రాము కూడా పట్టుకోదు. పాలీప్రొపిలీన్ దాదాపు సున్నా.

ఈ అంకెలు చూసి ఎక్కువ పీల్చేదే మంచిదనుకుంటే పొరబడతాం. భుజం మీద తుండుగుడ్డను తలచుకోండి. మొహం తుడుచుకుంటే చెమటను చక్కగా పీలుస్తుంది, గాలికి కాసేపట్లో ఆరుతుంది. అదే తుండును తడిపి, మడిచి, డబ్బాలో పెట్టి మూతేస్తే సాయంత్రానికి కూడా తడిగానే ఉంటుంది. చొక్కాగా నూలుకు మన ఎండల్లో సాటి లేదు, ఎందుకంటే అక్కడ గాలి ఉంది. మూసిన బూటులో అదే నూలు నీళ్లు తాగి, ఉబ్బి, సాగి, పాదానికి అతుక్కుని కూర్చుంటుంది. దాని గుణం మారలేదు, అది ఉన్న చోటు మారింది.

పాలియెస్టర్, యాక్రిలిక్, నైలాన్ పోగులు నీటిని తమలోకి పెద్దగా తీసుకోవు. పోగుకీ పోగుకీ మధ్య ఉన్న సన్నని సందుల్లోంచి నీరు పాకుతుంది, దీపం వత్తి వెంట నూనె పాకినట్టు. అలా తడి చర్మం నుంచి సాక్సు బయటి వైపుకు చేరుతుంది. బూటుకు గాలి ఆడే పైభాగం ఉంటే అక్కడి నుంచి ఆవిరైపోతుంది. రెగ్జిన్ బూటైతే అది కూడా అక్కడే ఆగిపోతుంది. ఎంత మంచి సాక్సయినా గాలి ఆడని బూటు ముందు ఓడిపోవాల్సిందే.

ఉన్ని తీరు వేరు. దాని పైపొర నీటి బొట్టును తోసేస్తుంది, లోపలి పదార్థం మాత్రం ఆవిరిని పీల్చుకుంటుంది. తన బరువులో మూడో వంతు దాకా తేమ పట్టినా చేతికి తడి తెలియదు. ఈ సంగతి మనకు కొత్తది కాదు. తెలంగాణ పల్లెల్లో వానాకాలం గొర్లకాపరి గొంగడి కప్పుకుని మంద వెంట తిరిగేది ఈ గుణం వల్లనే: చినుకు మీద నుంచి జారిపోతుంది, గొంగడి తడిసినా లోపల వెచ్చదనం చావదు. కానీ మన దక్కనీ గొర్రె ఉన్ని ముతక, ఒంటికి గుచ్చుకుంటుంది. 30 మైక్రాన్లు దాటిన పోగు కొస వంగకుండా చర్మాన్ని పొడవడమే ఆ గుచ్చుకోవడం. సాక్సులకు వాడే మెరినో ఉన్ని సుమారు 17 నుంచి 21 మైక్రాన్ల సన్నపు పోగు. చర్మానికి తగలగానే వంగిపోతుంది.

వీటన్నిటికీ తోడు స్పాండెక్స్. 1958లో డ్యూపాంట్ సంస్థలో జోసెఫ్ షివర్స్ కనిపెట్టిన ఈ సాగే పోగు నూటికి రెండు మూడు పాళ్లు ఉంటే చాలు, సాక్సు పాదాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. ‘ప్యూర్ కాటన్’ అని అమ్మే సాక్సులో కూడా ఇదో, నైలానో ఎంతో కొంత ఉంటుంది. లేకపోతే నాలుగు ఉతుకులకే సంచిలా వేలాడుతుంది.

పరిశోధనల్లో తేలింది

బట్టకూ బొబ్బకూ ఉన్న సంబంధం మీద ఎక్కువగా చెప్పుకునే పరీక్ష 1990 నాటిది. అమెరికాలో పాదవైద్యులు కిర్క్ హెరింగ్, డగ్లస్ రిచీ 35 మంది దూరపు పరుగు చేసేవాళ్లకు ఒకే అల్లికతో చేసిన కాటన్, యాక్రిలిక్ సాక్సులు ఇచ్చారు. ఏది ఏదో పరుగెత్తేవాళ్లకూ తెలియదు, పరీక్షించేవాళ్లకూ తెలియదు. యాక్రిలిక్ వేసుకున్న పాదాలకు బొబ్బలు తక్కువ వచ్చాయి, వచ్చినవి కూడా చిన్నవి. ‘పరుగుకు కాటన్ వద్దు’ అన్న మాటకు బలం ఇక్కడి నుంచే వచ్చింది.

ఆ కథ అక్కడితో ఆగలేదు. అదే వైద్యులు 1993లో మామూలు మెత్తదనం ఉన్న సాదా సాక్సులతో మళ్లీ పోల్చారు. ఈసారి కాటన్‌కీ యాక్రిలిక్‌కీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మొదటి పరీక్షలోని సాక్సుల అడుగుభాగం దట్టమైన ఉంగరాల అల్లికతో ఒత్తుగా ఉంది. తడిని బయటికి పంపే పోగుకు పని చేసే చోటు ఆ ఒత్తైన అల్లికలో దొరికింది. పలుచని సాక్సులో ఆ పోగుకు తన గుణం చూపే వీలు లేకపోయింది. అంటే పోగు పేరు సగం సంగతే చెబుతుంది. మిగతా సగం అల్లికలో ఉంది.

మూడో సాక్ష్యం సైన్యం నుంచి వచ్చింది. అమెరికా మెరైన్ దళంలో శిక్షణలో ఉన్నవాళ్ల మీద 1990లలో జరిగిన పరీక్షలో లోపల పలుచని పాలియెస్టర్ సాక్సు, పైన ఉన్ని, పాలీప్రొపిలీన్ కలిపి దట్టంగా అల్లిన సాక్సు వేసుకున్నవాళ్లకు బొబ్బలు బాగా తగ్గాయి. రాపిడి చర్మానికీ బట్టకీ మధ్య కాకుండా బట్టకీ బట్టకీ మధ్యకు మారడం ఇందులో కిటుకు. మన క్రికెట్ మైదానాల్లో కొందరు ఫాస్ట్ బౌలర్లు రెండు జతలు తొడుక్కునేది కూడా ఇందుకే.

ఈ మూడూ కలిపి చూస్తే పోగు, అల్లిక, కొలత, బూటు అనే నాలుగూ కలిస్తేనే సాక్సు పని చేస్తుందని అర్థమవుతుంది. ఒక్క పోగు పేరు చూసి కొంటే పావు వంతు చూసి కొన్నట్టే.

బడికి, ఆఫీసుకు

ఇక్కడ రాపిడి తక్కువ, గంటలు ఎక్కువ. నూలు మూడు పాళ్లు, నైలాన్ గానీ పాలియెస్టర్ గానీ ఒక పాలు, కొద్దిగా స్పాండెక్స్ కలిసిన పలుచని సాక్సు మామూలు చెమట ఉన్నవాళ్లకు సరిపోతుంది. కాళ్లు బాగా చెమర్చేవాళ్లకు నూలు పాలు తగ్గి, పైభాగంలో జల్లెడలా అల్లిన కలనేత మేలు.

మన ఇళ్లలో పిల్లలకు పెద్ద సైజు కొంటాం, ఎదిగే కాళ్లు కదా అని. ఆ మిగులు బట్ట బూటులో వేళ్ల కింద మడత పడి చర్మాన్ని ఒరుస్తుంది. ఎలాస్టిక్ సడలిన సాక్సులు జారకుండా పిల్లలు పిక్కలకు రబ్బరు బ్యాండ్లు వేసుకుంటారు. సాయంత్రానికి చర్మం మీద ఎర్రటి గాడి పడుతుంది. బట్ట ఏదైనా ఈ రెండూ మానిపించాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల పిల్లలకు 2020 నుంచి ఇచ్చిన కిట్లలో బూట్లతో పాటు రెండు జతల సాక్సులు ఉన్నాయి. బూటు వేసుకోని పాదానికి బూటు అందడం గొప్ప విషయం. అయితే ముసురు పట్టిన వారంలో రెండు జతలతో నెగ్గుకురావడం ఎంత కష్టమో ఆ ఇళ్లలో అమ్మలకు తెలుసు.

స్కూటీ నడిపే మన ఆడవాళ్లు ఎండకు చెప్పుల్లో వేసుకునే, బొటనవేలు విడిగా ఉన్న నైలాన్ సాక్సులను ఇక్కడే తలచుకోవాలి. నైలాన్ అయినా అవి పాదాన్ని నానబెట్టవు. చెప్పుకు నాలుగు వైపులా గాలి. ఈజిప్టులో దొరికి లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న సుమారు 1,600 ఏళ్ల నాటి ఉన్ని సాక్సుకు కూడా బొటనవేలు విడిగానే ఉంది, చెప్పుల్లోకి వీలుగా.

పరుగు, ఆట

హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో జరుగుతుంది. వాన, ఉక్క, ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాలు, 42 కిలోమీటర్లు. నాలుగైదు గంటలు ఆగకుండా చెమట పట్టే ఈ పనికి నూలు పాలు ఎక్కువున్న సాక్సు తగదు. పాలియెస్టర్, నైలాన్ లేదా సన్నని మెరినో కలనేత తీసుకోవాలి. మడమ దగ్గర, వేళ్ల దగ్గర ఒత్తుగా, మీగాలి మీద పలుచగా అల్లినది, వేళ్ల దగ్గర కుట్టు చేతికి తగలనిది చూసుకోవాలి. వేళ్లు ఒకదానితో ఒకటి ఒరుసుకునేవాళ్లకు అయిదు వేళ్లూ విడిగా ఉన్నవి మంచివి. పోటీ రోజున కొత్త జత తొడగవద్దు. పాతికైనా కిలోమీటర్లు ఆ జతతో పరుగెత్తి ఉండాలి.

బాడ్మింటన్‌లో సంగతి మరొకటి. పుల్లెల గోపీచంద్ అకాడమీ వల్ల ఆ ఆటకు ఊరుగా మారిన హైదరాబాద్‌లో చిన్నపిల్లలు రోజూ గంటల తరబడి కోర్టులో ఉంటారు. పరుగులో పాదం ముందుకే పోతుంది. ఇక్కడ ముందుకు దూకి టక్కున ఆగుతుంది, పక్కకు తిరుగుతుంది. ఆగిన ప్రతిసారీ బొటనవేలు బూటు ముందు గోడకు కొట్టుకుంటుంది. కాబట్టి తువ్వాలులా లోపల ఉంగరాలు తేలిన మందపాటి సాక్సు, అడుగున నైలాన్ గట్టిదనం, పాదం మధ్యలో పట్టి ఉంచే ఎలాస్టిక్ అల్లిక కావాలి. శిక్షణ మధ్య విరామంలో జత మార్చుకోవడం ఖరీదైన సాక్సుకన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

చలి, కొండ

2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 13 ఏళ్ల వయసులో, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కాక మన పిల్లలకు హిమాలయ యాత్రలు దూరపు మాటగా లేవు. చలి కొండ మీద తడిసిన నూలు సాక్సు ప్రమాదం. తడి బట్ట పాదంలోని వేడిని తోడేస్తుంది. లోపల పలుచని పాలియెస్టర్, పైన మెరినో ఉన్ని కలనేత అక్కడ సరైన జోడీ. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. చలి అని ఒకదాని మీద ఒకటి కుక్కితే బూటు బిగిసి రక్తం సరిగా ఆడదు, పాదం ఇంకా చల్లబడుతుంది. సాక్సు మందాన్ని బట్టి బూటు కొనాలి. జనవరిలో షికాగోకో టొరంటోకో చదువుకు వెళ్లే పిల్లల పెట్టెలో అరడజను తెల్ల కాటన్ సాక్సులు సర్దే తల్లిదండ్రులు అందులో రెండు జతలైనా ఉన్నివి పెట్టాలి.

నీళ్లలో పని, నిప్పు దగ్గర పని

రొయ్యల శుద్ధి కర్మాగారాల్లో గమ్‌బూట్లతో తడి నేల మీద రోజంతా నిలబడే ఆడవాళ్ల పాదాల గురించి సాక్సుల ప్రకటనల్లో ఎక్కడా ఉండదు. రబ్బరు బూటులోంచి ఆవిరి బయటికి పోయే దారే లేదు. అక్కడ ఏ పోగూ అద్భుతం చేయలేదు. తడిని చర్మానికి దూరంగా పట్టి ఉంచే మందపాటి ఉన్ని కలనేతో, ఉంగరాల పాలియెస్టరో వాడి, మధ్యాహ్నం తప్పకుండా పొడి జత మార్చుకోవాలి. మార్చుకునే సమయం, చోటు ఇవ్వడం యాజమాన్యం బాధ్యత.

కొలిమి, వెల్డింగ్, బట్టీల దగ్గర లెక్క తలకిందులవుతుంది. నైలాన్, పాలియెస్టర్ 220 నుంచి 260 డిగ్రీల దగ్గర కరిగి చర్మానికి అంటుకుంటాయి, కాలిన గాయం లోతవుతుంది. నూలు కాలుతుంది గానీ కరగదు. ఉన్ని త్వరగా అంటుకోదు, మంట తీసేస్తే ఆరిపోతుంది. పరుగులో మెచ్చుకున్న పోగును ఇక్కడ దూరం పెట్టాలి.

దూర ప్రయాణం

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు ఇరవై గంటలకు పైగా ప్రయాణంలో కూర్చుని ఉంటారు. కదలని పిక్కల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది. నాలుగు గంటలు దాటిన విమాన ప్రయాణాల్లో బిగుతు మేజోళ్లు వేసుకున్నవాళ్లలో లక్షణాలు కనిపించని గడ్డలు బాగా తగ్గాయని పలు పరీక్షలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష తేల్చింది. ఇవి నైలాన్, స్పాండెక్స్‌తో చేస్తారు. ఇక్కడ బట్టకన్నా ఒత్తిడి కొలత ముఖ్యం. చీలమండ దగ్గర ఎక్కువగా, పైకి పోయేకొద్దీ తక్కువగా ఒత్తిడి ఉండాలి. పై అంచును మడిస్తే అది తాడు కట్టినట్టు బిగుస్తుంది. కాళ్ల రక్తనాళాలు పూడుకున్న వాళ్లకు ఇవి హాని చేస్తాయి, వైద్యుణ్ణి అడగకుండా వేసుకోకూడదు.

మధుమేహం ఉన్న పాదం

నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన చోటు ఇదే. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే. వాళ్లలో చాలామందికి ఏళ్లు గడిచేకొద్దీ అరికాలి స్పర్శ తగ్గుతుంది. సాక్సు లోపలి కుట్టు రోజంతా వేలిని కోస్తున్నా తెలియదు. బొబ్బ పుండై, పుండు ముదిరి, వేలు తీసేసే దాకా వచ్చిన ఇళ్లు మన చుట్టూ ఉన్నాయి.

ఈ పాదానికి బిగుతు పట్టీ లేని, కుట్టు తేలని, అడుగున మెత్తగా ఉన్న సాక్సు కావాలి. మెత్తని అడుగు ఉన్న సాక్సు అరికాలి మీద పడే గరిష్ఠ ఒత్తిడిని తగ్గిస్తుందని 1989లోనే ఇంగ్లండు వైద్యులు కొలిచి చూపారు. అలాంటిది దొరక్కపోతే మామూలు సాక్సును తిరగేసి, కుట్టు బయటికి వచ్చేలా తొడగండి. తెలుపు గానీ లేత రంగు గానీ ఎంచుకోండి. నొప్పి చెప్పని సంగతి రక్తపు మరక చెబుతుంది. ఎండాకాలం గుళ్లో చెప్పులు విడిచి కాలిన బండల మీద నడిచినప్పుడు స్పర్శ లేని పాదం బొబ్బలెక్కినా తెలియదు. అలాంటి చోట మందపాటి నూలు సాక్సు తోడు ఉండాలి, నడక నీడ పట్టునే సాగాలి.

అట్ట మీద రాసే మాటలు

వెదురు సాక్సు మెత్తగా ఉంటుంది, నిజమే. అయితే వెదురు గుజ్జును రసాయనాల్లో కరిగించి తీసిన ఆ పోగు విస్కోసే. సూక్ష్మజీవులను చంపే గుణం వెదురుకు ఉన్నా ఆ ప్రక్రియలో మిగలదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లోనే కంపెనీల మీద చర్య తీసుకుంది. విస్కోస్ తడిసినప్పుడు బలం తగ్గే పోగు కూడా. మెత్తదనం కోసం ఇంట్లో వేసుకోవచ్చు, పరుగుకు పనికిరాదు.

వెండి రేణువులు కలిపిన ‘వాసన రాని’ సాక్సుల మీద 2008లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు పరీక్ష చేశారు. కొన్ని రకాల్లో నాలుగు ఉతుకులకే వెండి దాదాపుగా నీళ్లలో కలిసిపోయింది. ఇక వాసన విషయంలో నూలుకు న్యాయం చేయాలి. బెల్జియంలోని ఘెంట్ పరిశోధకులు 2014లో వెలువరించిన అధ్యయనంలో వ్యాయామం తర్వాత పాలియెస్టర్ టీషర్టులు కాటన్ వాటికన్నా ఎక్కువ వాసన వేశాయి. పరీక్షించినవి చొక్కాలే అయినా పోగు గుణం అదే. అందుకని పాలియెస్టర్ సాక్సు వేసుకునేవాళ్లు రెండో రోజు అదే జత తొడగకూడదు.

ఉతుకు, ఎండ

సాక్సును తిరగేసి ఉతకాలి. మురికి, చర్మపు పొలుసులు ఉండేది లోపలే. పాదాలకు బూజు సోకినవాళ్ల నూలు సాక్సులను 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతికితేనే అది చస్తుంది, గోరువెచ్చని నీళ్లు చాలవు. బ్లీచింగ్ ఉన్నినీ స్పాండెక్స్‌నూ తినేస్తుంది. బట్టలు మెత్తబడటానికి వాడే ద్రవాలు పోగుల మీద పూతలా పేరుకుని తడిని పాకనివ్వవు. దండెం మీద ఎండలో ఆరేయడం మన ఇళ్ల పాత అలవాటు, అది మానవద్దు. ముసురు రోజుల్లో ఆరని జతను పిల్లలకు తొడిగి పంపడం మాత్రం మానాలి.

చివరకు తేలేది

మొదటి ప్రపంచ యుద్ధంలో 1914–15 చలికాలం నీళ్లు నిండిన కందకాల్లో నిలబడిన బ్రిటిష్ సైన్యంలో వేల మంది పాదాలు కుళ్లాయి. వాళ్లవి ఉన్ని సాక్సులే. పోగు మంచిదే, అయినా పాదాలు నిలవలేదు. తర్వాత పరిస్థితి మెరుగుపడటానికి ముఖ్య కారణం కొత్త బట్ట కాదు: రోజుకొకసారైనా పాదాలు తుడిచి, నూనె రాసి, పొడి జత మార్చాలన్న ఆజ్ఞ, దాన్ని అమలు చేయించిన అధికారుల తనిఖీ.

ఈ విషయాన్ని ఎటు నుంచి చూసినా నేను అక్కడికే చేరుతున్నాను. పరుగుకు పాలియెస్టర్, చలికి ఉన్ని, నిప్పు దగ్గర నూలు, మధుమేహానికి కుట్టు లేనిది: ఈ ఎంపికలన్నీ పాదం తడిని కొన్ని గంటలు వెనక్కి నెడతాయి. ఆ గంటలు దాటాక పని చేసేది పొడి జత ఒక్కటే. అందుకే మొదట చెప్పిన పిల్లవాడి కోసం నేను కోరేవి చిన్నవే. వానాకాలం బడి సంచిలో, ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఒక పొడి జత ఉండాలి. మధ్యాహ్నం అన్నానికి ముందు చేతులు కడుక్కున్నట్టే బూట్లు విప్పి పాదాలు తుడుచుకోమని చెప్పే టీచరు ఉండాలి. ముసురు రోజుల్లో బూట్లు మాని చెప్పులతో రమ్మనే బడి ఉండాలి. అప్పుడు ఆ సాక్సు మీద ఎన్ని పాళ్లు కాటన్ అని రాసి ఉన్నా, సాయంత్రం ఇంటికొచ్చే పాదం పొడిగా ఉంటుంది.